సీఐసీఎస్‌లో కోబాల్ పిలిచే పాత అసెంబ్లర్ రొటీన్‌ను లాంగ్వేజ్ ఎన్విరాన్‌మెంట్‌కు సరిపెట్టడం ఎలా?

మధురవాడ_రీజియన్:
రుషికొండ ఐటీ హిల్స్‌లో మా టీమ్ చూసే సీఐసీఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో లావాదేవీలు నడిపే సాఫ్ట్‌వేర్) అప్లికేషన్‌లో ఖాతా నంబరు సరిచూసే అసెంబ్లర్ రొటీన్ ఒకటుంది. ఎంటర్‌ప్రైజ్ కోబాల్ ప్రోగ్రామ్ దాన్ని స్టాటిక్‌గా కాల్ చేస్తుంది. నంబరు బాగుంటే ఏ ఇబ్బందీ లేదు. తప్పయితే అసెంబ్లర్ తిరిగి ఇంకో కోబాల్ ఎర్రర్ రొటీన్‌ను పిలుస్తుంది, అక్కడే ఏఎస్‌ఆర్‌ఏ (ప్రోగ్రామ్ లోపంతో సీఐసీఎస్ టాస్క్ ఆగిపోయే అబెండ్), డంప్‌లో 0సీ4 (తాకకూడని మెమరీని తాకిన లోపం). బేస్ రిజిస్టర్ ఆర్12, సేవ్ ఏరియా (రిజిస్టర్లు దాచే చోటు) ప్రోగ్రామ్‌లోనే 18ఎఫ్ (18 ఫుల్‌వర్డ్‌లు). ట్రాన్స్‌లేటర్ (ఎగ్జెక్ సీఐసీఎస్ కమాండ్లను మార్చే ప్రోగ్రామ్)లో ఎల్‌ఈఏఎస్‌ఎం ఆప్షన్ పెడితే చాలా అండీ?

సిరిపురం_అసెంబ్లర్:
చాలదండీ. ఎల్‌ఈఏఎస్‌ఎం మెయిన్ ప్రోగ్రామ్‌కు, అంటే సీఐసీఎస్ లింక్‌తో మొదలయ్యేదానికి. మీది సబ్‌రొటీన్.

మీ కోడ్‌లో తప్పు రెండు చోట్ల ఉంది. లాంగ్వేజ్ ఎన్విరాన్‌మెంట్ (ఎల్‌ఈ, కోబాల్ వంటి భాషలకు ఉమ్మడి రన్‌టైమ్)లో నడిచే ఏ రొటీన్ అయినా ఆర్12లో సీఏఏ (ఎల్‌ఈ ఉమ్మడి సమాచారం ఉండే బ్లాక్) చిరునామా ఉందనే నమ్మకంతో మొదలవుతుంది. మీరు అక్కడ బేస్ పెట్టారు. రెండోది ఆర్13, అంటే సేవ్ ఏరియాను చూపే రిజిస్టర్. కోబాల్ ప్రోలాగ్ తనకు కావలసిన స్టాక్ చోటును పిలిచినవాడి సేవ్ ఏరియాలో 76వ బైటు దగ్గరున్న ఎన్‌ఏబీ (స్టాక్‌లో తర్వాతి ఖాళీ బైటు చిరునామా) నుంచి తీసుకుంటుంది. మీ 18ఎఫ్ అంటే 72 బైట్లే. 76 దగ్గర ఏ చెత్త ఉంటే అదే స్టాక్ చిరునామా అయిపోతుంది. ఎవరినీ పిలవనంతసేపు ఇది బయటపడదు, అందుకే నంబరు బాగున్నప్పుడు నడుస్తోంది.

చేయాల్సిన మార్పు: సీసెక్ట్ కార్డు తీసేసి, అదే పేరును లేబుల్‌గా పెట్టి సీఈఈఎంట్రీ (ఎల్‌ఈ ప్రవేశ మ్యాక్రో) రాయండి. మెయిన్=నో తప్పనిసరి. వదిలేస్తే డిఫాల్ట్ యెస్, కొత్త ఎన్‌క్లేవ్ (ఎల్‌ఈలో విడి ప్రోగ్రామ్ పరిధి) తెరవబోతుంది. బేస్ ఆర్11కు మార్చండి, కోడ్‌లో ఆర్11 ఇంకెక్కడైనా వాడారేమో ముందు వెతకండి. ఆటో= దగ్గర మీ వర్క్ ఏరియా సైజు ఇవ్వండి; ఆ ఏరియాను వర్ణించే డీసెక్ట్‌లో మొదట సీఈఈడీఎస్‌ఏఎస్‌జెడ్ (డీఎస్‌ఏ, అంటే స్టాక్‌లో రొటీన్ సొంత చోటు, దాని స్థిర భాగం సైజు) అంత చోటు వదలాలి. తిరుగుదారికి సీఈఈటర్మ్. చివర సీఈఈపీపీఏ (రొటీన్ పేరు వంటి వివరాలుండే పీపీఏ బ్లాక్‌ను పెట్టేది), సీఈఈడీఎస్‌ఏ, సీఈఈసీఏఏ మ్యాక్రోలు. అసెంబుల్ చేసేటప్పుడు సిస్‌లిబ్‌లో ఎస్‌సీఈఈమ్యాక్, లింక్‌కు ఎస్‌సీఈఈఎల్‌కేఈడీ.

జగదాంబ_సిస్‌ప్రోగ్:
పైన చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. స్టాటిక్ సేవ్ ఏరియా ఇంకో ప్రమాదం. ఎర్రర్ రొటీన్‌లో ఎగ్జెక్ సీఐసీఎస్ కమాండ్ ఉంటే అక్కడ టాస్క్ మారవచ్చు. ఇంకో టాస్క్ అదే రొటీన్‌లోకి వచ్చి అదే 72 బైట్ల మీద రాస్తుంది, మొదటి టాస్క్ తిరిగి వెళ్లే దారి పోతుంది. డేటా అంతా డీఎస్‌ఏలోకి మార్చి, రెంట్‌గా (పలు టాస్క్‌లు ఒకేసారి వాడగలిగేలా) లింక్ చేసి, టెస్ట్ రీజియన్‌లో రెంట్‌పీజీఎం=ప్రొటెక్ట్ పెట్టండి. ప్రోగ్రామ్‌లో తన మీద తాను రాసుకునే స్థలం ఏది మిగిలినా వెంటనే 0సీ4తో దొరికిపోతుంది. ఎస్‌పీఐఈ, ఎస్టే (లోపాలను పట్టే సిస్టమ్ మ్యాక్రోలు) ఉంటే తీసేయండి. కండిషన్ హ్యాండ్లింగ్ ఎల్‌ఈ పని.

రొటీన్ ఏమోడ్ (చిరునామాకు వాడే బిట్లు) 24 అయితే 31కు మార్చడమే మేలు. లేకపోతే ఎల్‌ఈ ఆప్షన్లలో ఆల్31(ఆఫ్), స్టాక్ బిలో పెట్టాలి, దానికోసం 16 ఎంబీ కింద చోటు వృథా.

మధురవాడ_రీజియన్:
సీఈఈఎంట్రీ పెట్టాను, 0సీ4 పోయింది. కానీ ఎర్రర్ రొటీన్‌కు పంపిన నంబరు అందడం లేదు, చెత్త కనిపిస్తోంది.

సిరిపురం_అసెంబ్లర్:
ఆ కోబాల్‌లో ఎగ్జెక్ సీఐసీఎస్ ఉందా? ఉంటే ట్రాన్స్‌లేటర్ ప్రొసీజర్ డివిజన్ యూజింగ్‌లో ముందు డీఎఫ్‌హెచ్‌ఈఐబీఎల్‌కే (ఈఐబీ, టాస్క్ వివరాల బ్లాక్), డీఎఫ్‌హెచ్‌కామ్ఏరియా (ప్రోగ్రామ్‌ల మధ్య డేటా పంపే చోటు) చేరుస్తుంది. మీరు పంపిన మొదటి పారామీటర్‌ను అది ఈఐబీ అనుకుంటోంది. పై కోబాల్ నుంచే ఆ రెండు చిరునామాలు అసెంబ్లర్‌కు అందించి, ఆర్1 చూపే పారామీటర్ జాబితాలో వాటిని ముందు పెట్టండి, నంబరు మూడోది, చివరిదానికి హై బిట్.

ఇంకా మంచిది, అసెంబ్లర్ నుంచి తిరిగి పిలవడమే మానేయడం. సీఈఈటర్మ్ ఆర్‌సీ=తో కోడ్ ఇవ్వండి, కోబాల్ రిటర్న్-కోడ్ చూసి ఎర్రర్ రొటీన్‌ను తనే పిలుస్తుంది. సీఐసీఎస్ పని అంతా కోబాల్‌లో ఉంటే రేపు కొత్తగా చేరినవాళ్లు కూడా చదువుకోగలరు.

జగదాంబ_సిస్‌ప్రోగ్:
డీఎఫ్‌హెచ్‌ఆర్‌పీఎల్ (సీఐసీఎస్ ప్రోగ్రామ్‌లు వెతికే లైబ్రరీల జాబితా)లో ఎస్‌సీఈఈసీఐసీఎస్ ముందు, ఎస్‌సీఈఈరన్ తర్వాత ఉండాలి, చూసుకోండి. మళ్లీ పడితే సీఈఎస్‌ఈ (ఎల్‌ఈ సందేశాలు, డంప్‌లు చేరే) క్యూలో ట్రేస్‌బ్యాక్ తీసి ఇక్కడ పెట్టండి. ఇప్పుడు పీపీఏ ఉంది కాబట్టి రొటీన్ పేరు అందులో కనిపిస్తుంది.