నంది కొండల వైనరీకి పోతే సీసాలు ఇంటికి తెచ్చుకోవాలా, అక్కడే రుచి చూసి వచ్చేయాలా?

కాణిపాకం రోడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)

చిత్తూరు నుంచి నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి నంది కొండల పక్కన, దొడ్డబళ్ళాపురం వైపు ఉన్న గ్రోవర్ జంపా వైనరీ చూసి రావాలనుకుంటున్నాం. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా కారులో పోయి, టూర్ అయ్యాక బెంగళూరులో ఏదైనా మైక్రోబ్రూవరీలో (అక్కడికక్కడే బీర్ తయారుచేసి పోసే చోటు) భోజనం చేసి తిరిగొస్తాం. పోవడం గురించి గొడవ లేదు. గొడవంతా వచ్చేటప్పుడు డిక్కీలో ఏముండాలన్నదాని మీదే.

ఇద్దరు ‘అంత దూరం పోయి ఉత్త చేతులతో వస్తామా, రేటు కూడా తక్కువే, తలా అరడజను వేసుకుందాం’ అంటున్నారు. నేను ఒప్పుకోలేదు. రేటు కోసమైతే ఒక్క సీసా కూడా వద్దు. అక్కడ గ్లాసులో పోసినప్పుడు నోటికి నిజంగా నచ్చి, మన దగ్గర దొరకనిదైతే ఒకటో రెండో తెచ్చుకోవచ్చు, అదీ చట్టప్రకారం తెచ్చుకునే దారి ఉంటేనే. ద్రాక్ష తోట, స్టీలు ట్యాంకులు, ఓక్ పీపాలు కళ్ళారా చూసి, పనిచేసేవాళ్ళనే అడిగి తెలుసుకునే అవకాశం మళ్ళీ మళ్ళీ రాదు. ఆ టైమంతా బిల్లింగ్ కౌంటర్ దగ్గర లెక్కలు వేసుకుంటూ పోగొట్టుకోవడం నాకు నచ్చదు.

1988లో మొదలైన గ్రోవర్ వైన్‌యార్డ్స్ 2012లో నాసిక్ వైపున్న జంపాతో కలిసింది. వాళ్ళ లా రిజర్వ్ అన్న ఎర్ర వైన్ కాబెర్నే సావినియాన్, షిరాజ్ ద్రాక్షలు కలిపి చేసేది. దాని పేరు విన్నవాళ్ళంతా అదే కొంటారు. మా వాళ్ళకు నేను చెప్పేదేమంటే, పేరు చూసి కొనొద్దు, మన ఇంట్లో వండే కూరకు ఏది కుదురుతుందో చూసి కొనండి అని. మీరేమంటారు?

రేణిగుంట జంక్షన్

అన్నా, సగమే ఒప్పుకుంటా. రేటు కోసం వద్దన్నది సరే. కానీ ‘ఒకటో రెండో’ దగ్గర ఎందుకు ఆగాలి? మన తిరుపతిలో, చిత్తూరులో షాపుకు పోయి వైన్ అడగండి. పై అరలో దుమ్ము పట్టిన నాలుగైదు సీసాలు చూపిస్తారు, అందులో ఎక్కువ తియ్యటి పోర్ట్ వైనే. ట్యూబ్‌లైటు కింద నిలబెట్టి ఉంటాయి, ఎన్ని ఎండాకాలాలు చూశాయో చెప్పేవాళ్ళు ఉండరు. మొదటిసారి అది తాగినవాళ్ళు వైన్ అంటే దగ్గుమందులాగా ఉంటుందని తేల్చేసుకుంటారు. వైనరీలో అయితే చల్లటి గదిలోంచి తీసి ఇస్తారు. ఏ సంవత్సరం పంటో అడిగితే చెప్తారు.

ఇంకో మాట. ఈ రంగంలో మనవాళ్ళు లేరనుకోవద్దు. హంపి కొండల దగ్గర క్రస్మా ఎస్టేట్స్ వైనరీ పెట్టింది మందుల కంపెనీ గ్రాన్యూల్స్ ఇండియా చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు. కర్ణాటక 2007లోనే ద్రాక్ష, వైన్ కోసం ప్రత్యేకంగా పాలసీ తెచ్చింది, వైన్ బోర్డు పెట్టింది. బెంగళూరు బ్లూ ద్రాక్షకు జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు పంట అని ఇచ్చే గుర్తింపు) కూడా ఉంది. అక్కడి రైతు పండించింది, అక్కడే తయారైంది, నేరుగా పోయి కొంటే తప్పేముంది? తక్కువ తాగినా మంచిది తాగుదాం అనుకునేవాళ్ళకు ఉన్న దారి ఇదొక్కటే.

పలమనేరు బస్టాండ్

తప్పేముందంటే చట్టం ఉంది తమ్ముడూ. బార్డర్ పక్కన ఉండేవాళ్ళం, ఈ టెన్షన్ మాకు బాగా తెలుసు.

2020 మే నెలలో మన రాష్ట్రంలో మద్యం ధరలు ఒక్కసారిగా 75 శాతం పెరిగాయి. దాంతో కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి తెచ్చుకోవడం పెరిగిపోయి, వరసగా కేసులు పడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు, అప్పటి జీవో ప్రకారం మనిషికి మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చని చెప్పింది. జనం ఆ వార్తనే ఇప్పటికీ పట్టుకుని ఉన్నారు. ఆ తర్వాత అక్టోబర్‌లో ప్రభుత్వం నిబంధన మార్చి, పర్మిట్ లేకుండా బయటి రాష్ట్రం మద్యం తేకూడదంది. ఈ రెండో వార్త మాత్రం ఎవరి వాట్సాప్‌లోనూ తిరగదు. 2024లో షాపుల పాలసీ మారింది కాబట్టి ఇదీ మారిపోయి ఉంటుందని ఊహించుకుని బయల్దేరొద్దు. షాపు ఎవరు నడపాలి అన్నది వేరు, బార్డర్ దాటించడం వేరు.

‘బిల్లు ఉంది కదా’ అంటారు. బిల్లు మీరు కొన్నారనడానికి రుజువు, అంతే. మన రాష్ట్రంలోకి తేవడానికి అది అనుమతి కాదు. సీసా మీద కర్ణాటకలో అమ్మడానికి మాత్రమే అని రాసే ఉంటుంది. పోయే ముందే ఎక్సైజ్ స్టేషన్‌కు పోయి, ఏది ఎంత తేవచ్చో, పర్మిట్ ఎలా ఇస్తారో అడగండి. అడిగేదానికి భయపడాల్సిన పని లేదు.

తిరుపతి వాళ్ళకు ఇంకొక మాట. కారులో సీసా మర్చిపోయి, మర్నాడు అదే కారులో కొండకు బయల్దేరతారు. అలిపిరిలో బండి చెక్ చేస్తారు. కొండ మీద మద్యం పూర్తిగా నిషేధం. పెద్దవాళ్ళను, పిల్లలను వెంటబెట్టుకుని అక్కడ నిలబడే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

తిరుచానూరు వైపు

హోటల్ బార్‌లో చాలాకాలం పనిచేశాను. చట్టం సంగతి పైన బాగా చెప్పారు. నాకు దానికంటే ముందు గుర్తొచ్చేది ఎండ.

దొడ్డబళ్ళాపురంలో చల్లగా ఉందని కొంటారు. కోలారు దాటి మొగిలి ఘాటు దిగేసరికి వాతావరణం మారిపోతుంది. దారిలో భోజనానికి ఆగి కారు ఎండలో వదిలేస్తే, లోపల వేడి బయటికంటే ఎంత పెరుగుతుందో మనందరికీ తెలుసు. వైన్‌ను 12 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచాలంటారు. వేడికి లోపలి ద్రవం ఉబ్బి కార్కును పైకి నెడుతుంది. కార్కు మూతి అంచుకంటే కొంచెం పైకి లేచి ఉంటుంది, పైనున్న కవర్ కింద వేలు పెడితే జిగురుగా తగులుతుంది. తెరిస్తే తాజా పండు వాసన పోయి ఉడకబెట్టిన పండు వాసన వస్తుంది. అది పాడైపోయిన సీసా. అతిథి ముందు అలాంటిది తెరిచి, వెనక్కి తీసుకుపోయిన సందర్భాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. లోపం తయారుచేసినవాళ్ళది కాదు, మధ్యలో దాన్ని మోసినవాళ్ళది.

కాబట్టి తెచ్చుకునేట్టయితే నవంబర్ నుంచి జనవరి మధ్య పోండి. డిక్కీలో కాదు, ఏసీ తగిలే చోట, థర్మాకోల్ పెట్టెలో పెట్టండి. మరచుట్టు మూత ఉన్న సీసా తక్కువరకం అనుకోవద్దు. దానికి కార్కు ఎండిపోయే సమస్య లేదు, పడుకోబెట్టి దాచాల్సిన అవసరమూ లేదు. తెల్లవైన్ ఏడాది రెండేళ్ళలో తాగేయాలి. ‘పాతదైతే మంచిది’ అన్నది మన దగ్గర దొరికే చాలా సీసాలకు వర్తించదు. బీరువాలో ఐదేళ్ళు దాచి కూతురి పెళ్ళికి తీద్దామనుకుంటే నిరాశే మిగుల్తుంది.

కూర సంగతి కాణిపాకం రోడ్డు అన్న అడిగినదానికి నా జవాబు ఇది. మన నాటుకోడి పులుసులో కారం ఎక్కువ. గట్టి వగరున్న ఎర్రవైన్, అందులోనూ ఓక్ పీపాలో ఉంచింది తాగితే కారం ఇంకా మండుతుంది. రాగి సంగటి, పులుసు పెట్టుకుని లా రిజర్వ్ తెరిస్తే రెండూ చెడతాయి. కొంచెం తీపి తగిలే షెనాన్ బ్లాంక్ అనే తెల్లవైన్ చల్లగా పోసుకుంటే కారాన్ని తగ్గిస్తుంది. చేపల వేపుడికి పులుపున్న సావినియాన్ బ్లాంక్, అదీ తెల్లవైనే, చాలా బాగుంటుంది. ఎర్రదే కావాలంటే కారం తగ్గించి మిరియాలతో చేసిన మటన్ వేపుడుకు ఉంచండి. అక్కడ రుచి చూసేటప్పుడే ‘ఇది మా ఇంట్లో దేంతో తింటాం’ అని ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ ఆలోచన లేకుండా కొన్న సీసాలు అల్మారాలోనే ఉండిపోతాయి.

ఇంకోటి. గ్లాసులో పోసిందంతా మింగాలని రూలేమీ లేదు. నోట్లో తిప్పి ఉమ్మేయడానికి గిన్నె పెడతారు, లేకపోతే అడగండి. ఎవరూ తప్పుపట్టరు. బండి నడిపేవాళ్ళు మాత్రం నాలుకకు కూడా తగలనివ్వొద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే 10,000 దాకా జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉంటాయి.

పుత్తూరు టీచర్

ఇంతసేపూ ఏ సీసా అన్నదే మాట్లాడారు. ఇంటికి తేవడం గురించి నేను మాట్లాడతాను.

పోయి చూడండి, రుచి చూడండి, నాకు అభ్యంతరం లేదు. ద్రాక్ష వైన్‌గా ఎలా మారుతుందో తెలుసుకోవడం చదువే. కానీ ఇల్లు వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడినప్పుడు నేను చిన్నపిల్లను. మా వీధిలోనూ మీటింగులు జరిగాయి. 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధమే వచ్చింది, 1997లో సడలించేశారు. ఆ ఐదేళ్ళలో ఆడవాళ్ళు అడిగింది ఒక్కటే, మగవాళ్ళ జీతం గుమ్మం బయటే ఖర్చైపోకుండా, గుమ్మం లోపలికి సీసా, దాంతోపాటు కోపం రాకుండా చూడమని.

మీరు వైన్ వేరు సారా వేరు అంటారు. వేరే, ఒప్పుకుంటాను. కానీ ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఫ్రిజ్ డోర్‌లో కనిపించేది సీసానే. నా క్లాసులో పిల్లలు ఇంట్లో ఏముందో దాచకుండా చెప్తారు. ‘మా నాన్న మంచిరకమే తాగుతాడు మిస్’ అని ఒకబ్బాయి గర్వంగా చెప్పినప్పుడు నేను ఏమనాలో తెలియక ఆగిపోయాను. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనిదే అమ్మకూడదన్న నియమం షాపుకు ఉంది. ఇంట్లో ఆ నియమం మీరే పెట్టుకోవాలి. నా ఓటు అక్కడే రుచి చూసి వచ్చేయడానికి.

రేణిగుంట జంక్షన్

అక్కా, మీ మాట కొట్టిపారేయను. కానీ దాచుకుని తాగే ఇంట్లోకన్నా, పండక్కి అందరి ముందూ ఒక గ్లాసుతో ఆపే ఇంట్లో పిల్లలు బాగుపడతారని నా నమ్మకం. గోవాలో ఉన్న మా పిన్నివాళ్ళ ఇంట్లో అలాగే చూశాను.

పుత్తూరు టీచర్

గోవాలో ఆ ఒక్క గ్లాసు దగ్గర ఆపడం తాతల కాలం నుంచి చూసి నేర్చుకున్నారు నాయనా. మన దగ్గర క్వార్టర్ తెరిస్తే ఖాళీ అయ్యేదాకా లేవని అలవాటే నేను చూశాను. ఆ అలవాటు మారిన ఇల్లయితే మీ ఇష్టం.

ఎయిర్ బైపాస్ రోడ్డు

వైన్ గురించి నాకు పెద్దగా తెలీదు. బీర్ గురించి మాత్రం గట్టిగా చెప్పగలను: మైక్రోబ్రూవరీ బీర్ ఇంటికి తెచ్చుకునే ఆలోచనే వద్దు.

బెంగళూరులో ఆ బీర్ అంత బాగుండేది అది తాజాది కాబట్టి. చాలావరకు వడకట్టరు, పాశ్చరైజ్ చెయ్యరు, ఈస్ట్ అందులోనే ఉంటుంది. గోధుమ బీర్ గ్లాసు ముక్కు దగ్గర పెడితే అరటిపండు, లవంగం వాసన వస్తుంది చూడండి, అందులో అవేవీ వేయరు, అంతా ఈస్ట్ పనే. మన కల్లు కూడా ఇంతే కదా, తెల్లారి దించినప్పుడున్న తీపి మధ్యాహ్నానికి ఉండదు. ఆ బీర్‌ను మామూలు బాటిల్లో పోసుకుని ఐదారు గంటలు కారులో తెస్తే గ్యాస్ పోతుంది, గాలి తగిలి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. అక్కడే చిన్న గ్లాసుల శాంప్లర్ తీసుకుని, నచ్చినదాన్ని ఒక్కటి నిదానంగా తాగి లేవండి.

సీల్ చేసిన బీర్ కొంటే తయారైన తేదీ చూడండి. గోధుమరంగు సీసా లేదా టిన్ను తీసుకోండి. తెల్ల, ఆకుపచ్చ సీసాల్లోకి వెలుతురు దూరి బీర్ కంపు కొడుతుంది.

బంగారుపాళెం తోట

మీరంతా ద్రాక్ష కోసం కర్ణాటక పోతున్నారు. నేను తోతాపురి మామిడి రైతును, నా బాధ వేరే.

2025 సీజన్‌లో ఏమైందో ఈ జిల్లాలో తెలీనివాళ్ళు లేరు. కాయ కొనేవాళ్ళు లేక ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రాత్రింబవళ్ళు నిలబడ్డాయి. కిలోకు 12 రూపాయలని, అందులో 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం ఇవ్వాలని తేల్చారు. కర్ణాటక కాయ మన జిల్లాలోకి రాకూడదని ఆర్డరు కూడా వేశారు. ఫ్యాక్టరీలు తీసే పల్ప్ (మామిడి గుజ్జు) ఒక్కదాని మీదే బతుకుతుంటే ఆ మార్కెట్ పడినప్పుడు మాకు ఇంకో దారి ఉండదు. మామిడితో వైన్ చేసే యూనిట్ ఇక్కడ ఉంటే, మిగిలిన కాయలో కొంతయినా అటు పోదా?

చెయ్యడం కష్టమేమీ కాదంటారు తెలిసినవాళ్ళు. గుజ్జును చిక్కగా ఉంచే పెక్టిన్ మామిడిలో ఎక్కువ, ఎంజైమ్ వేసి పలచన చేసుకోవాలి. లీటరులో 17 గ్రాముల చక్కెర ఉంటే సుమారు ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది, తోతాపురిలో తీపి తక్కువ కాబట్టి చక్కెర కలపాల్సి ఉంటుంది. ఇది లైసెన్సున్న యూనిట్ పని. ఇంట్లో కుండలో పెట్టి ప్రయోగాలు చేయకండి, అది నేరమూ, ప్రమాదమూ. ఇక్కడ అలాంటిది వస్తే బార్డరూ, పర్మిటూ అన్న గొడవే ఉండదు, తోట చూసి సీసా కొనుక్కుపోయేవాళ్ళు మా ఊరికే వస్తారు. టీచరమ్మ కోప్పడుతుందేమో, కానీ కాయ రోడ్డు మీద పారబోయడం చూసినవాణ్ణి.

పుత్తూరు టీచర్

కోపం లేదన్నా. కాయకు ధర రావాలన్నది నా కోరిక కూడా. జ్యూసుకూ, తాండ్రకూ ముందు మార్కెట్ వెతకమని అడుగుతాను, అంతే.

కాణిపాకం రోడ్డు

అందరికీ కృతజ్ఞతలు. మావాళ్ళకు ఈ చర్చంతా చూపించాను. డిక్కీ నిండా అన్న మాట వెనక్కి తీసుకున్నారు. ప్రయాణం ఎండలు ముదరకముందే పెట్టుకుంటున్నాం, తాగని డ్రైవర్‌ను మాట్లాడాం. సోమవారం ఎక్సైజ్ స్టేషన్‌కు పోయి అడుగుతాను. పర్మిట్ ఇస్తే ఒక షెనాన్ బ్లాంక్, అక్కడ అందరికీ నచ్చిన ఇంకొకటి. ఇవ్వకపోతే గ్లాసుతోనే సరి. బీర్ మాత్రం అక్కడే.

మామిడి మాట నేను అసలు ఊహించలేదన్నా. ఆ వైనరీలో ద్రాక్ష రైతులకు ఎలా ధర కడతారో, ముందే ఒప్పందం ఉంటుందో లేదో అడిగి వచ్చి మీకు రాస్తాను.

బంగారుపాళెం తోట

అది తప్పకుండా అడుగు తమ్ముడూ. టన్నుకు ఎంత, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, పంట చెడితే ఎవరు భరిస్తారు, ఈ మూడూ రాసుకుని రా.