రాతి సిలువ చుట్టూ ఆ వలయం ఎందుకు?

ఐర్లండ్‌లోని మొనాస్టర్‌బాయిస్‌లో ఉన్న మురెడాక్ సిలువ ఫొటోలు చూసినప్పటి నుంచి ఒక అనుమానం వదలట్లేదండీ. దాదాపు 5.5 మీటర్ల ఎత్తు, ఒళ్లంతా బైబిల్ కథలే, మధ్యలో క్రీస్తు. అంతా బాగుంది కానీ, సిలువ నాలుగు చేతులనూ కలుపుతూ ఆ గుండ్రటి వలయం ఎందుకు? బరువైన అడ్డచేతులు విరగకుండా ఆసరా అని కొందరు, విజయానికి గుర్తైన దండ అని ఇంకొందరు అంటారు. నాకైతే రెండూ నిజమేమో అనిపిస్తోంది. ఆర్మేనియా ఖచ్‌కార్‌లకు, అంటే అక్కడి సిలువ రాళ్లకు, ఆసరా గొడవే లేదు, వాటిని రాతి పలక మీదే చెక్కుతారు. సిలువ అడుగు నుంచి ఆకులు మొలుస్తున్నట్టు ఉంటాయి, జీవవృక్షంలా. ఐర్లండ్ వలయానికి కూడా అలాంటి అర్థమేదైనా ఉందా? రాతికంటే ముందు చెక్క సిలువల్లోనూ అది ఉండేదా? శిల్పకళ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.