తాత రైఫిల్ త్రీ నాట్ త్రీనా, 315నా?

నర్సంపేట_పిలగాడు
మా తాత ఒకప్పుడు పాకాల అడవుల్లో షికారుకు వాడిన రైఫిల్ ఇది. ఆయన తర్వాత లైసెన్సు నాయిన పేరు మీదికి వచ్చింది. నాయిన పోయాక స్టేషన్‌లో చెప్పి, హన్మకొండలో ఒక లైసెన్సున్న డీలర్ దగ్గర డిపాజిట్ చేసి రశీదు తీసుకున్న. ఇప్పుడు వారసుడిగా దరఖాస్తు పెట్టాలె. ఇంట్లో అందరూ దాన్ని "త్రీ నాట్ త్రీ" (303) అంటారు, లైసెన్సు పుస్తకంలో మాత్రం 315 బోర్ (గొట్టం లోపలి కొలత) అని ఉంది. ముందు కర్ర సగానికి కోసి ఉంది, పైన చెక్క లేదు. అసలిది ఏమిటి? కాల్చడానికి పనికొస్తదా?

కోత్_తాత
ఆర్మ్‌డ్ రిజర్వ్ ఆయుధాగారంలో చాలా ఏండ్లు చేసి రిటైరైన. తమ్మీ, కాల్చడం సంగతి తర్వాత. బట్ మొదట్లో చేయి పట్టే చోట ఇనుప పట్టీ ఉంటది, దాని కుడివైపు చూడు. కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. (జార్జి రాజు గుర్తు), తయారైన ఫ్యాక్టరీ ఇషాపూర్ పేరు, సంవత్సరం, "నంబర్ 1 మార్క్ 3 స్టార్" అని గుద్ది ఉంటే మిలిటరీ రైఫిలే, పుట్టుక త్రీ నాట్ త్రీ. కానీ 303 ఫౌజు తూటా కాబట్టి బ్రిటిష్ వాళ్ల కాలంలోనే మామూలు జనానికి ఇవ్వలేదు. ఇప్పటికీ అది నిషేధిత బోరే. అందుకే షికారు రైఫిళ్లు 315లో వచ్చినయ్. ఇషాపూర్ ఫ్యాక్టరీ 315 కూడా 303 లాంటి అదే ఎన్‌ఫీల్డ్ బోల్టుతో (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) చేస్తది, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటయ్. మనిషి పేరు ఊరు మార్చినట్టు దీనికీ బ్యారెల్ మార్చి ఉండొచ్చు.

బ్యాంకు_గార్డు
మ్యాగజైన్ కూడా చూడు అన్నా. డబ్బాలా నలుచదరంగా ఉంటే 1960లలో వచ్చిన 2ఎ రకం కావచ్చు, అది 7.62 మిల్లీమీటర్ల తూటాది. అడుగు ఏటవాలుగా ఉంటే పాత 303 మోడల్. వాటిలో కొన్నిటిని నున్నటి గొట్టంతో 410 మస్కెట్‌గా (గీతల్లేని గొట్టం తుపాకి) మార్చి పోలీసులకిచ్చారు. లోపల మెలికల గీతలు లేకపోతే అదే.

నర్సంపేట_పిలగాడు
ఇవ్వాళ మళ్లీ పోయి చూసిన. కిరీటం, ఇషాపూర్, 1942. గొట్టంలో గీతలున్నయ్. చాంబర్ (తూటా కూర్చునే చోటు) మీది నంబరు, బోల్టు పిడి వెనక నంబరు ఒకటి కావు. ఇది సమస్యేనా?

కోత్_తాత
అసలు సమస్యే అది! బోల్టు వేరే తుపాకిది. తూటా అంచుకూ బోల్టు ముఖానికీ మధ్య సందు ఎక్కువైతే కేసు (తూటా ఇత్తడి డొప్ప) సాగి తెగుతది, వేడి గాలి ముఖానికే వస్తది. 303 అయితే 0.064 అంగుళాల గేజీ (ఆ సందు కొలిచే ఇనుప ముక్క) మీద బోల్టు మూసుకోవాలె, 0.074 మీద మూసుకోవద్దు. 315కి దాని గేజీ వేరే. పాత ఖాళీ కేసులేమైనా ఉన్నయా?

నర్సంపేట_పిలగాడు
డాల్డా డబ్బాలో ఆరు ఉండె, డీలర్‌కే ఇచ్చిన. వాటిల్లో మూడింటికి అడుగు నుంచి చిటికెన వేలి గోరంత పైన మెరిసే గీత ఉంది. ఒకదానికి గోరు పెడితే తగులుతున్నది.

కోత్_తాత
ఆ గీత కేసు సాగి తెగబోయిన గుర్తు. మీ నాయిన అదృష్టవంతుడు.

పరకాల_రైతు
టైరుకు కట్టేసి, దూరంగా తాడు గుంజి ఒక్కటి పేల్చి చూస్తే తెలుస్తది కదా. మా కాడ పందులు మక్కను నాశనం చేస్తున్నయ్, ఇట్లాంటిది ఉంటే బాగుండు.

కోత్_తాత
ఒకటి పేలి పగలకపోతే రెండోది పగలదని ఎవరు చెప్పిండు? డబ్బాలోని ఆ గీతల కేసులన్నీ అట్ల "బాగానే" పేలినవే. ఇగ పంది సంగతి, 1972 చట్టం తర్వాత అనుమతి లేకుండా కాలిస్తే పోలీసు కేసే.

బ్యాంకు_గార్డు
పాత మిలిటరీ తూటాలు కాల్చినదైతే గొట్టం లోపల కూడా చూపించు. ఆ ప్రైమర్ల (తూటా అడుగున నిప్పు పుట్టించే మందు) ఉప్పు తుప్పు పట్టిస్తది, నూనె ఒక్కటే సరిపోదు. మేం మొదట వేడినీళ్లు పోసేవాళ్లం, తర్వాత పుల్‌త్రూ (గుడ్డ కట్టి గొట్టంలో గుంజే తాడు), తర్వాత నూనె. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల నల్లటి ఉంగరంలా ఏదైనా కనిపిస్తే గొట్టం అక్కడ ఉబ్బింది. కర్ర కోసిన చోట, బాడీ పక్కన కూడా పగులు చూడాలె. ఇవన్నీ మ్యాగజైన్ తీసి, బోల్టు తెరిచి, చాంబర్‌లో వేలు పెట్టి ఖాళీ అని చూసుకున్నాకే.

నర్సంపేట_పిలగాడు
డీలర్ దగ్గరి మిస్త్రీ గంధకం కరిగించి చాంబర్ అచ్చు తీసిండు. 315 అని తేలింది, లైసెన్సు సరిగ్గానే ఉంది. గేజీ పెడితే మాత్రం మూసుకోకూడని చోట బోల్టు మెత్తగా మూసుకున్నది. గొట్టంలో తుప్పు మచ్చలు కొన్ని, ఉబ్బు లేదు. బోల్టు తల మార్చి మళ్లీ గేజీ పెట్టేదాకా కాల్చొద్దన్నడు. దరఖాస్తులో 315 అనే రాసిన. అమ్మకు చెప్తే, "మీ నాయిన ఎప్పుడూ ఎడమ కన్ను మూసి, మొఖం పక్కకు తిప్పి కాల్చేటోడు, భయమేమో అనుకున్న" అన్నది.