చర్చ: మూడో తరగతిలో వారానికో థీమ్, గోడ మీద 'నా లక్ష్యం' కార్డు. పిల్లలకు చదువు వస్తోందా?

తిరుచానూరు అమ్మ
మా పాప ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి. జూన్‌లో బడి తెరిచినప్పట్నించీ వారానికో థీమ్. నీళ్లు అయింది, మామిడి అయింది, ఇప్పుడు పండగలు. ప్రతి సోమవారం పిల్లలు 'నా లక్ష్యం' అని కార్డు రాసి గోడకు అంటించాలి. మీటింగుకి పోయి చూస్తే అన్ని కార్డుల్లోనూ ఒకటే వాక్యం: 'నేను రోజూ బాగా చదువుతాను.' టీచరు బోర్డు మీద రాస్తే పిల్లలు దించినారు. మామిడి వారంలో రాత్రి పదకొండు దాకా నేనూ మా ఆయనా థర్మాకోల్ చెట్టు తయారుచేస్తూ కూర్చున్నాం, పాప నిద్రపోయింది. ఆ పాపే నిన్న పేపర్లో 'విద్యార్థులు' దగ్గర ఆగిపోయింది. ఇవన్నీ ఆపి పుస్తకం వరసగా చెప్పమని బడిలో అడగాలా, వద్దా?

రిటైర్డ్ హెచ్ఎం, చంద్రగిరి
అడగండమ్మా. తెలుగు అక్షరానికి ఒక వరస ఉంది. గుణింతం, అదే అక్షరం ఒత్తుగా వచ్చే ద్విత్వం, ఆ తర్వాతే వేరే అక్షరం ఒత్తుగా వచ్చే సంయుక్తం. 'అమ్మ' చదవలేని బిడ్డ 'రాష్ట్రం' చదవలేదు. థీమ్‌కి ఆ వరస పట్టదు. నీళ్ల వారంలో 'సముద్రం', 'స్వర్ణముఖి' వచ్చి మీద పడతాయి. తర్వాత మామిడి వారంలో 'తొక్క', 'గుజ్జు', 'పచ్చడి'. కష్టమైనవి ముందు, తేలికవి వెనక. వారం మారగానే అవీ పోతాయి, మళ్లీ ఎదురు పడవు. ముప్పై ఏళ్లకు పైగా ఒకటో తరగతి పిల్లల వేళ్లు పట్టి రాయించినవాణ్ణి, ఇది చూస్తే బాధగా ఉంటుంది.

ఏకోపాధ్యాయుడు, చిత్తూరు
సార్, అక్షరాల వరస గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ థీమ్ వద్దంటే నా బడి నడవదు. అయిదు తరగతులు, ఒకే గది, నేనొక్కణ్ణే. మామిడికాయ తెచ్చి బల్ల మీద పెడితే ఒకటో తరగతి 'మా, మి, డి' రాస్తుంది. రెండో తరగతి ఏది బరువో తూకమేసి చూస్తుంది. 2025 సీజన్లో తోతాపురి రకం మామిడికి గుజ్జు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం కిలోకి 12 రూపాయలన్నారు కదా, మూడో తరగతికి అదే లెక్క: పది కిలోలకు ఎంత, వంద కిలోలకు ఎంత. అయిదో తరగతి వాళ్లు గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు ఎందుకు ఆగినాయో ఇంట్లో అడిగి వచ్చి రాస్తారు. థర్మాకోల్ అవసరం లేదు. ఇంటికి పంపే పని అసలే లేదు.

అక్షరాలకు పొద్దున గంట వేరే. ఆ గంటలో థీమ్ ఉండదు.

లక్ష్యం సంగతికొస్తే, అది పిల్ల నోటి నుంచే రావాలి, శుక్రవారానికి అయిందా కాలేదా తేలిపోవాలి. 'బాగా చదువుతాను' అంటే ఎట్ల తేలుస్తాం? మా వాడొకడు 'ఏడో ఎక్కం మొత్తం చెప్తా' అన్నాడు, కుదర్లేదు. మళ్లీ సోమవారం వాడే 'ఏడు అయిదుల దాకా' అని తగ్గించుకున్నాడు. ఆ వారం చెప్పినాడు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ బడి వాళ్లు పల్లె బడుల్లో పాఠాల్ని చిన్న చిన్న కార్డులుగా విడదీసి, నిచ్చెన మెట్ల మాదిరి గోడకు పెట్టినారు. తను ఏ మెట్టు మీదుందో, తర్వాతి మెట్టు ఏదో పిల్లకే తెలుస్తుంది. వరసా ఉంది, లక్ష్యమూ ఉంది.

పలమనేరు నాన్న
మా వాడికి రెండో తరగతిలో మామిడి పాట వచ్చింది, తీసివేతలు రాలేదు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కింద మూడో తరగతి అయ్యేసరికి 9999 దాకా అంకెలు రావాలంటున్నారు. పాట మాకొద్దనడం లేదు సార్, లెక్క కూడా కావాలి.

రిటైర్డ్ హెచ్ఎం, చంద్రగిరి
పొద్దున గంట అక్షరాలకే అంటే నాకు అభ్యంతరం లేదు. అది మధ్యాహ్నానికి జరక్కుండా చూసుకోండి. భోజనం తర్వాత పిల్లలు ఒత్తులు పట్టించుకోరు. అమ్మా, ఆపమని కాకుండా ఆ గంట అడగండి. ప్రాజెక్టులు ఇంటికి పంపొద్దని కూడా గట్టిగా చెప్పండి.

తిరుచానూరు అమ్మ
ఆ రెండే అడుగుతాను సార్. నిన్న రాత్రి పాపనే అడిగినా, ఈ వారం నువ్వేం నేర్చుకుంటావని. చాలాసేపు ఆలోచించి, 'విద్యార్థి లాంటి మాటలు అయిదు వెతుకుతా' అంది. ఈ పొద్దు ఆటోలో పోతా ఉంటే కపిలతీర్థం బోర్డు చూసి గట్టిగా అరిచింది, 'అమ్మా, ర కింద థ, మళ్లీ అదే!' ఇంకా నాలుగు కావాలంట.