వంద మైళ్ల స్పీడున్న కుర్రాడికి నా థర్డ్ బేస్‌మన్‌ని ఇచ్చేయొచ్చా?

నిజాంపేట_నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. మా క్లయింట్ ఒహాయోలో ఉంటారు, వాళ్లతో కలిసి ఫాంటసీ బేస్‌బాల్ ఆడుతున్నాను, అంటే అసలు ప్లేయర్లతో మనమే టీమ్ కట్టుకుని, వాళ్ల ఆటను బట్టి పాయింట్లు తెచ్చుకోవడం. ఏడాదికి అయిపోయే లీగ్ కాదు. ఒకసారి తీసుకున్న ప్లేయర్‌ని ఎన్నేళ్లయినా అట్టిపెట్టుకోవచ్చు, మైనర్ లీగ్ పిల్లల్ని కూడా. నిన్న షిఫ్ట్ మధ్యలో ఒక ఆఫర్ వచ్చింది. డబుల్-ఏలో (మేజర్ లీగ్‌కి రెండు మెట్ల కింద) ఆడుతున్న ఇరవై ఏళ్ల కుడిచేతి పిచ్చర్‌ని (బంతి విసిరేవాణ్ణి) వాళ్లిస్తారట, బదులుగా నా థర్డ్ బేస్‌మన్‌ని (మూడో బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే బ్యాటర్‌ని) అడుగుతున్నారు. పేర్లు చెప్పను, మా లీగ్‌లో ఇంకో తెలుగాయన ఉన్నాడు, ఇక్కడే తిరుగుతుంటాడు.

కుర్రాడి ఫాస్ట్‌బాల్ 98 నుంచి 101 మైళ్లు. వీడియో చూస్తే మతిపోయింది, బ్యాటర్ బ్యాట్ తిప్పేలోపే బంతి క్యాచర్ గ్లవ్‌లో ఉంది. స్లైడర్ (పక్కకు వంగే బంతి) కూడా బాగుంది. వాక్స్ మాత్రం బాగా ఇస్తాడు, అంటే నాలుగు బంతులు గురి తప్పి బ్యాటర్‌ని ఊరికే బేస్‌కి పంపేస్తాడు. స్కౌట్ల (కుర్రాళ్లను చూసి అంచనా వేసేవాళ్ల) రిపోర్టులో ఫాస్ట్‌బాల్‌కి 80, కంట్రోల్‌కి 40 వేశారు. నా థర్డ్ బేస్‌మన్‌కి 29 ఏళ్లు, ఏటా పాతిక హోమ్ రన్లు కొడతాడు, ఎవరూ అతని గురించి మాట్లాడుకోరు. శుక్రవారంలోగా చెప్పాలి. టెన్షన్‌గా ఉంది.

ఉప్పల్_నార్త్‌స్టాండ్:
ఆలోచించేదేముంది అన్నా, కొట్టెయ్! 101 మైళ్లంటే గంటకు 162 కిలోమీటర్లు. ఉమ్రాన్ మాలిక్ 157 వేసినప్పుడే మనం సోఫాలోంచి లేచి అరిచాం. వాషింగ్టన్ పిచ్చర్ స్ట్రాస్‌బర్గ్ 2010 జూన్‌లో మేజర్ లీగ్ మొదటి మ్యాచ్‌లోనే 14 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) తీశాడు. అలాంటోడు దొరికితే థర్డ్ బేస్‌మన్ ఏంటి, టీమ్ సగం ఇచ్చేయొచ్చు.

జింఖానా_పాతకాపు:
ఉప్పల్ తమ్ముడూ, స్ట్రాస్‌బర్గ్ కథ జూన్ దగ్గరే ఆపేశావు. అదే ఏడాది సెప్టెంబరులో మోచేతికి టామీ జాన్ సర్జరీ (తెగిన లిగమెంట్ మార్చే ఆపరేషన్) అయింది. తిరిగొచ్చాడు, 2019 వరల్డ్ సిరీస్‌లో (మేజర్ లీగ్ ఫైనల్) ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు కూడా అయ్యాడు, కాదనను. ఆ వెంటనే టీమ్ 24.5 కోట్ల డాలర్లకు ఏడేళ్ల కాంట్రాక్ట్ రాసింది. ఆ కాంట్రాక్ట్ కింద అతను ఆడింది ఎనిమిది మ్యాచ్‌లు. ఇంకో మాట, చెయ్యి మడిచి విసిరే బంతికీ, మోచెయ్యి చాపి వేసే బంతికీ స్పీడ్ పోలిక పెట్టకండి.

నిజాంపేట తమ్ముడూ, నేను సికింద్రాబాద్‌లో లీగ్ క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ వేసినవాణ్ణి. మావాడు టెక్సస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో ఉంటాడు. అక్కడికి వెళ్లినప్పుడల్లా సాయంత్రాలు హ్యూస్టన్ ఆస్ట్రోస్ వాళ్ల ట్రిపుల్-ఏ (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింద) టీమ్ మ్యాచ్‌లకు పోతాను. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక స్కౌట్లు కూర్చుంటారు, వాళ్ల వెనక వరసలో టికెట్ తీసుకుంటాను. రాడార్ గన్ అంకె కనిపిస్తుంది, అదో సరదా. ఒకసారి ఒక పొడుగాటి పోరడు మొదటి ఇన్నింగ్స్‌లో 99 వేశాడు. స్టాండ్స్‌లో ఈలలు. నాలుగో ఇన్నింగ్స్‌కి అదే గన్ మీద 94. చెయ్యి వదిలే ఎత్తు తగ్గింది, స్లైడర్ నేలకు కొట్టుకుంటోంది, బ్యాటర్లు కదలకుండా నిలబడి వాక్ తీసుకుంటున్నారు. స్కౌట్ ఈలలప్పుడు పెన్ను కూడా తీయలేదు, రాసుకున్నదంతా ఇప్పుడే.

నువ్వు కూడా అది చూడు. హైలైట్స్ కాదు, పూర్తి మ్యాచ్ పెట్టుకుని నాలుగో ఇన్నింగ్స్ నుంచి చూడు. రెండు బంతులు గురి తప్పి వెనకబడినప్పుడు స్లైడర్‌ని స్ట్రైక్‌గా (గురి లోపల) వేయగలుగుతున్నాడా, లేక కళ్లు మూసుకుని ఫాస్ట్‌బాల్ విసురుతున్నాడా? ఎడమచేతి బ్యాటర్లకు వేయడానికి ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా విసిరి వేగం తగ్గించే బంతి) లాంటి మూడో బంతి ఉందా? స్కౌట్ల మార్కులు 20 నుంచి 80 దాకా ఉంటాయి, 50 అంటే మేజర్ లీగ్ సగటు. ఇప్పుడు ఆ సగటు ఫాస్ట్‌బాలే 94 మైళ్ల దాకా వచ్చింది. కాబట్టి వంద గొప్పే కానీ, ఒకప్పటంత అరుదు కాదు. ఆ 40 గురించే నువ్వు ఎక్కువ ఆలోచించాలి.

స్టీవ్ డాల్కోవ్‌స్కీ అని ఒకాయన ఉండేవాడు. అంత వేగం ఎవరి దగ్గరా చూడలేదని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1960లో మైనర్ లీగ్‌లో 170 ఇన్నింగ్స్ వేస్తే 262 స్ట్రైకౌట్లు, 262 వాక్స్! మేజర్ లీగ్ గడప తొక్కలేదు. పాత మేజర్ లీగ్ పిచ్చర్ నోలన్ రయన్ సంగతేంటని ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే, 2,795 వాక్స్ ఇచ్చి కూడా 5,714 స్ట్రైకౌట్లు తీశాడు. ఆయన ఒక్కడే. ఆయన్ని చూపించి ఎంతమంది పిల్లల్ని అమ్మారో!

మోచెయ్యి సంగతి సరేసరి. మేజర్ లీగ్ వాళ్లే 2024 డిసెంబరులో రిపోర్ట్ ఇచ్చారు: వేగం కోసం వెంపర్లాట, ప్రతి బంతికీ ఒంట్లో ఉన్నదంతా పెట్టడం గాయాలకు పెద్ద కారణాలని. సర్జరీ అంటే ఏడాది నుంచి ఏడాదిన్నర పోయినట్టే. మనవాడు మయాంక్ యాదవ్‌నే చూడు, 2024 ఐపీఎల్‌లో 156.7 వేశాడు, ఆ వెంటనే గాయాలు. నీ కుర్రాడు ఇరవై రెండుకి పైకొచ్చి, మధ్యలో ఒక సర్జరీ పడితే ఇరవై నాలుగు. అప్పటికి నీ థర్డ్ బేస్‌మన్ నాలుగేళ్లు పాతిక చొప్పున కొట్టేసి ఉంటాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ బేరం.

ఎక్సెల్_అక్క:
పెద్దాయన చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఇలాంటి పిల్లల్లో చాలామంది చివరికి రిలీఫ్‌లో (స్టార్టర్ తర్వాత వచ్చి కొద్ది ఇన్నింగ్స్ మాత్రమే వేసే పనిలో) తేలతారు. పిచ్చర్ చాప్‌మన్‌ని కూడా సిన్సినాటి రెడ్స్ టీమ్ మొదట ట్రిపుల్-ఏలో స్టార్టర్‌గానే (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌గా) దింపి, తర్వాత రిలీఫ్‌కి మార్చారు. 2010లో 105 మైళ్లు వేసింది రిలీవర్‌గానే. ఏడాదికి స్టార్టర్ 170 ఇన్నింగ్స్ వేసే చోట రిలీవర్ వేసేది 60, 70. మీ లీగ్‌లో సేవ్స్‌కి (రిలీవర్ ఆధిక్యం కాపాడి మ్యాచ్ ముగించినందుకు) పాయింట్లున్నాయా? వాక్స్‌కి కోత ఉందా? మీ టీమ్ ఈ ఏడాది గెలిచే స్థితిలో ఉందా? ఇవి చెప్పకుండా బేరం మంచిదా చెడ్డదా అంటే ఎలా తమ్ముడూ.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్:
అక్కా, సేవ్స్‌కి పాయింట్లు తక్కువ, వాక్స్‌కి కోత ఉంది. మేం రెండో స్థానంలో ఉన్నాం.

పాతకాపు గారూ, మీరన్నట్టే పోయిన వారం మ్యాచ్ మొత్తం చూశాను. నాలుగో ఇన్నింగ్స్‌లో 97 నిలిచింది, అది నయం. ఛేంజప్ మాత్రం దాదాపు వేయనేలేదు. ఒక ఎడమచేతివాడు స్లైడర్లన్నీ వదిలేసి, ఫాస్ట్‌బాల్ కోసం కాచుకుని డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే షాట్) కొట్టాడు.

జింఖానా_పాతకాపు:
97 నిలిచిందంటే పనికిరానివాడేం కాదు. కానీ రెండో స్థానంలో ఉండి థర్డ్ బేస్ ఖాళీ చేసుకోకు. నీ దగ్గర మైనర్ లీగ్ బ్యాటర్లుంటే ఇద్దర్ని చూపించి అడుగు. థర్డ్ బేస్‌మనే కావాలంటే, కుర్రాడితో పాటు ఇప్పుడు ఆడుతున్న బ్యాటర్‌నొకణ్ణి కలిపి ఇమ్మను.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్:
ఇద్దరు బ్యాటర్లతో కౌంటర్ పంపాను. ఒహాయోలో ఇంకా తెల్లారలేదు.

ఉప్పల్_నార్త్‌స్టాండ్:
వాళ్లు ఒప్పుకోకపోతే ఆ కుర్రాడి పేరు నాకు విడిగా పంపు అన్నా. నాకూ ఒక లీగ్ ఉంది.