381654729: ఈ లెక్క పిల్లకు ఎట్ల చెప్పాలె?

కాచిగూడ అమ్మ: నమస్తే అండి. మా పాప ఏడో తరగతి. 1 నుంచి 9 దాకా అంకెలు ఒక్కోటి ఒక్కసారే వాడి తొమ్మిదంకెల సంఖ్య రాయాలంట. ఎడమ దిక్కు నుంచి మొదటి రెండంకెలు 2తో, మొదటి మూడు 3తో, అట్ల మొత్తం తొమ్మిదీ 9తో శేషం లేకుండా పోవాలె. జవాబు 381654729 అని పుస్తకం వెనక ఉంది. ఎట్ల వచ్చిందో నాకు చెప్పొస్తలేదు. పాత పెళ్లికార్డు కత్తిరించి, తొమ్మిది ముక్కల మీద అంకెలు రాసి గంటసేపు జరిపింది. ఏడ్చుకుంటనే పండుకుంది.

ఈసీఐఎల్ లెక్కల మాస్టారు: అమ్మా, ఆ ముక్కలు దాచండి, వాటితోనే అవుతుంది. ఊరికే జరిపితే 3,62,880 వరుసలు చూడాలి. పాపం, ఏడవక ఏం చేస్తుంది! ముందు కుదరనివి కొట్టేయడం నేర్పండి. సున్నా లేదు కాబట్టి ఐదో చోట 5 పెట్టించండి. 2, 4, 6, 8 స్థానాల్లో సరి అంకెలే ఉండాలి, అంటే తక్కినవన్నీ బేసి.

అసలు కిటుకు నాలుగో అంకె దగ్గరుంది. మూడోది బేసి కదా, దాని పక్కన ఏం పెడితే 4తో పోతుందో పాపనే చూడనివ్వండి. 12, 16, 32, 36 పోతాయి. 14, 18 పోవు. కాబట్టి అక్కడ 2 గానీ 6 గానీ. ఎనిమిదో చోటా అంతే. 4, 8 ఇక రెండో, ఆరో చోట్లకే. మొదటి మూడూ, మొదటి ఆరూ 3తో పోతున్నాయి కనుక నడిమి మూడంకెల మొత్తం కూడా 3తో పోవాలి. నడుమ 258 లేదా 654, అంతే.

ఉప్పల్ నాన్న: మాస్టారూ, నేనూ కాగితం మీద చేశాను. ఆరో అంకె సరి కనుక దాని వందలు ఎలాగూ 8తో పోతాయి, ఇక ఏడు, ఎనిమిది స్థానాల జంట 8తో పోవాలి కాబట్టి 258 తర్వాత 16 లేదా 96, 654 తర్వాత 32 లేదా 72. మొదటి మూడంకెలూ సరిచూస్తే పదే సంఖ్యలు మిగిలాయి. అందులో 987654321 కూడా ఉంది! కానీ 9876543ని 7తో భాగిస్తే 5 మిగిలింది. 3816547 మాత్రం సరిగ్గా 545221 సార్లు పోయింది.

కాచిగూడ అమ్మ: పొద్దున బడికి పోయే ముందు ముక్కలు మళ్ల పరిచినం. 7తో పదీ తనే భాగించింది. మరి 9తో చూడొద్దా అని అడుగుతుంది.

ఈసీఐఎల్ లెక్కల మాస్టారు: అక్కర్లేదమ్మా. 1 నుంచి 9 కూడితే 45. ఎట్లా పేర్చినా 9తో పోతుంది. సాయంత్రం ఇంకో ముక్క మీద సున్నా రాసి చివర పెట్టించండి. 3816547290 అయి 10తోనూ పోతుంది. అంకెలు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చంటే ఇలాంటి సంఖ్య 25 అంకెల దాకా సాగుతుంది: 3608528850368400786036725. ఆ తర్వాత ఏ అంకె చేర్చినా 26తో పోదు.