యాత్రకి చిన్న కెమెరా: ఎక్కువ జూమ్ ఉన్నదా, చీకట్లో బాగా తీసేదా?

ప్రశ్న

నమస్కారమండీ. వచ్చే నెల పది రోజులు కుటుంబమంతా యాత్రకి వెళ్తున్నాం. నేను, మావారు, ఏడేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మా అత్తగారు. ఇన్నాళ్లూ ఫోన్‌తోనే ఫొటోలు తీశాం. ఈసారి చేతి సంచిలో పట్టే కెమెరా ఒకటి కొనాలని ఉంది. లెన్సులు మార్చే రకం వద్దు, పిల్లల సామానుతో పాటు దాన్ని కూడా మోయలేను.

చూసి చూసి రెండు రకాల దగ్గర ఆగాను. ఒకదానికి 40 రెట్ల జూమ్. ఇంకోదానికి నాలుగు రెట్లే, కానీ ఖరీదు మాత్రం దీనికే ఎక్కువ. తక్కువ జూమ్ ఉన్నదానికి ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలో అర్థం కావడం లేదు. ఏది తీసుకోమంటారు?

మొదటి జవాబు

ఏది కొనాలో చెప్పేముందు మీకో పని అప్పగిస్తానండీ. పోయినసారి యాత్ర ఫొటోలన్నీ తెరిచి కూర్చోండి. బాగా రానివాటిని పక్కకి తీసి, ఒక్కొక్కటీ ఎందుకు పాడైందో రాసుకోండి. దూరంగా ఉండి చిన్నగా పడిందా? చీకట్లో మసకబారిందా? పిల్లలు కదిలారా? ఏ లెక్క ఎక్కువొస్తే ఆ ఇబ్బంది తీర్చే కెమెరా కొనాలి. నన్నడిగిన వాళ్లందరికీ ముందు ఇదే చెప్తాను, ఎందుకంటే కొట్లో నిలబడి చూస్తే 40 రెట్ల జూమ్ ఎవరికైనా ముద్దొస్తుంది.

ఇక ఖరీదు సంగతి. తేడా లోపలి సెన్సర్‌లో ఉంది, అంటే వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే చిన్న పలకలో. 40 రెట్ల జూమ్ ఉన్న చిన్న కెమెరాల్లో, ఉదాహరణకి కానన్ ఎస్‌ఎక్స్ 740లో, సెన్సర్ సుమారు 6.2 × 4.6 మి.మీ. మీరు చూసిన రెండోది 'ఒక అంగుళం సెన్సర్' రకం అయ్యుంటుంది. పేరుకే అంగుళం. పాత వీడియో కెమెరాల్లోని గొట్టాల కొలతని బట్టి ఆ పేరు నిలిచిపోయింది. నిజానికి అది 13.2 × 8.8 మి.మీ., అయినా మొదటిదానికి నాలుగింతల వైశాల్యం. 2012లో సోనీ ఆర్‌ఎక్స్ 100 వచ్చిన దగ్గర్నుంచి జేబు కెమెరాల్లో ఇదే మంచి రకంగా పేరు తెచ్చుకుంది. వానలో చెంబు పెడితే ఎన్ని నీళ్లు పడతాయి, గంగాళం పెడితే ఎన్ని పడతాయి! వెలుతురు విషయంలోనూ అంతే.

లెన్స్ మీద రాసి ఉండే ఎఫ్ సంఖ్య కూడా చూడండి. అది ఎంత తక్కువైతే లెన్స్ అంత వెలుతురు లోపలికి పంపిస్తుంది. ఎస్‌ఎక్స్ 740 ఎఫ్/3.3 దగ్గర మొదలై, పూర్తిగా జూమ్ చేసేసరికి ఎఫ్/6.9కి చేరుతుంది. అంగుళం సెన్సర్ ఉన్న కానన్ జీ7 ఎక్స్ మార్క్ 3 అయితే ఎఫ్/1.8 నుంచి ఎఫ్/2.8 లోపే ఉంటుంది. సెన్సర్, లెన్స్ రెండూ కలిపి చూస్తే, జూమ్ చేయకుండా తీసినప్పుడే ఈ రెండోదాంట్లో పది రెట్లకి పైగా ఎక్కువ వెలుతురు పడుతుంది. మీరు డబ్బు పెట్టేది దానికి.

ఇంకొక్క మాట. ఇప్పటి మంచి ఫోన్ల ప్రధాన కెమెరాలో సెన్సర్ ఆ 6.2 మి.మీ. దానికంటే పెద్దదే. కాబట్టి 40 రెట్ల కెమెరా కొన్నా, దగ్గరి ఫొటోలు మీ ఫోన్‌కంటే బాగా వస్తాయనుకోకండి.

రెండో జవాబు

పైన చెప్పింది సరైనదే కానీ జూమ్‌ని అంత తీసిపారేయకండి. పక్షుల్నో జంతువుల్నో చూడ్డానికి వెళ్తుంటే నాలుగు రెట్లు బొత్తిగా చాలదు. మధ్యస్థంగా పానసోనిక్ టీజెడ్ 200 ఉంది. అంగుళం సెన్సరే, 15 రెట్ల జూమ్. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ కూడా ఉంది, ఎండలో స్క్రీన్ కనపడనప్పుడు దాని విలువ తెలుస్తుంది. లోపం ఏమిటంటే లెన్స్ ఎఫ్/3.3 నుంచి 6.4. పగటి పూట బ్రహ్మాండం, రాత్రికి కష్టం.

అడిగినవారు

మీరు చెప్పినట్టే నిన్న రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. బాగా రానివి 83. వాటిలో 51 సాయంత్రం తర్వాతో గదుల్లోనో తీసినవి, పిల్లలు కదిలి బ్లర్ అయ్యాయి. దూరం వల్ల పాడైనవి తొమ్మిదే. మిగతావాటిలో వెనక వెలుతురు ఎక్కువై మొహాలు నల్లగా పడ్డాయి. నేననుకున్నదానికి పూర్తిగా తలకిందులైంది.

ఇంకోటి కూడా కనపడింది. అన్ని ఫొటోల్లో నేను ఉన్నవి మూడు. రేపు పిల్లలు పెద్దయ్యాక చూసుకుంటే అమ్మ ఎక్కడని అడుగుతారేమో అనిపించింది. దీనికి కెమెరాలో ఏమైనా మార్గం ఉందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

51 అంటే ఇక ఆలోచించక్కర్లేదండీ, తక్కువ జూమ్ ఉన్నదే తీసుకోండి. అయితే కెమెరా కొనగానే బ్లర్ పోదు. పెట్టె మీద 'స్టెబిలైజేషన్' అని రాసి ఉంటుంది చూశారా, అది మీ చేతి వణుకుని ఆపుతుంది తప్ప పిల్లల పరుగుని ఆపలేదు. దానికి షటర్ వేగం కావాలి, అంటే ఫొటో తీసేటప్పుడు లోపలికి వెలుతురు పడే సమయం బాగా తక్కువ ఉండాలి. పైన తిప్పే చక్రాన్ని 'ఎస్' మీద పెట్టి (కానన్‌లో 'టీవీ' అని ఉంటుంది) 1/250 సెకను పెట్టుకోండి, పరుగెత్తుతుంటే 1/500. ఐఎస్ఓని (తక్కువ వెలుతుర్లో ఫొటోని ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే అంకె) ఆటోలో వదిలేసి, గరిష్ఠం 3200 పెట్టండి. ఫొటోలో కాస్త గింజలు గింజలుగా కనపడుతుంది, కనపడనివ్వండి. గింజలున్న నవ్వు దాచుకోవచ్చు, చెదిరిన మొహాన్ని ఏం చేసుకుంటాం?

మొహాలు నల్లబడేవాటికి పగలే అయినా ఫ్లాష్ వేయండి. రెండు మూడు మీటర్ల లోపు ఉంటే చాలా తేడా వస్తుంది.

మీరు ఫొటోలో ఉండటానికి రెండు దారులు. ఇలాంటి కెమెరాలు చాలావరకు వైఫైతో ఫోన్‌కి కలుస్తాయి. కెమెరాని గోడ మీద పెట్టి ఫోన్‌లో చూసుకుంటూ నొక్కొచ్చు. రెండోది నాకు ఎక్కువిష్టం: కెమెరాని ఆటో మోడ్‌లో పెట్టి, తాడు మణికట్టుకి తగిలించి బాబు చేతికివ్వండి. ఏడేళ్లవాడు హాయిగా తీస్తాడు. వాడి ఎత్తునుంచి మీరు ఎలా కనపడతారో కూడా తెలుస్తుంది.

మూడో జవాబు

సముద్రం దగ్గరికి వెళ్తారా? వెళ్తే జాగ్రత్త. లెన్స్ ముందుకి పొడుచుకొచ్చే కెమెరాల్లో ఆ గొట్టం సందులో ఇసుక రేణువు పడితే లెన్స్ లోపలికి వెళ్లదు, బయటికి రాదు. నా పాత కెమెరా అలాగే పోయింది, యాత్ర రెండో రోజే. అప్పటినుంచి ఇసుకలో కెమెరాని జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లోంచి తీయను. పిల్లలు నీళ్లలో ఆడేదే ఎక్కువైతే ఓఎం సిస్టమ్ టీజీ-7 లాంటిది చూడండి. 15 మీటర్ల లోతు, 2.1 మీటర్ల ఎత్తునుంచి పడినా తట్టుకునేలా చేశారు. సెన్సర్ మాత్రం చిన్నదే.

అడిగినవారు

ఒక్కపూటే సముద్రం దగ్గర ఉంటాం, కవరు పెట్టుకుంటాను. జీ7 ఎక్స్ మార్క్ 3 ఖాయం చేశాం. దానితోపాటు ఇంకేం కొనాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఇంకో బ్యాటరీ, తప్పనిసరిగా. ఒక్క ఛార్జికి సుమారు 235 ఫొటోలని కంపెనీ లెక్క. విమానమైతే విడి బ్యాటరీ చేతి సామానులోనే ఉండాలి, లోపలికిచ్చే పెట్టెలో పెట్టనివ్వరు. మీ ఫోన్ ఛార్జర్‌తో కెమెరా ఛార్జ్ అవుతుందో లేదో కొనేటప్పుడే పెట్టి చూడండి, అన్ని ఛార్జర్లూ పనిచేయవు. మెమరీ కార్డు ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవి.

ఈ వారమే కొనేయండి. ఇంట్లో దీపాల వెలుతుర్లో పిల్లల్ని పరుగెత్తించి నాలుగు రోజులు తీసి చూడండి. బయల్దేరే ముందు కెమెరా గడియారాన్ని ఫోన్ టైముతో సరిచేయండి, లేకపోతే తర్వాత రెండింటి ఫొటోలూ కలిపినప్పుడు పొద్దుటివీ సాయంత్రానివీ కలగాపులగమైపోతాయి.